దగ్గు లేని మోరి

పాట మధ్యలో మనిషి పీల్చుకునే ఊపిరిని కోసి పారేయడం నా వృత్తిలో మొదటి పని. పాడేవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు. తెలిసినవాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకుంటే నాకేం? రికార్డింగు గదిలోకి వచ్చేటప్పుడు చెప్పులతో పాటు అభిమానం కూడా గుమ్మం బయటే వదిలేసి రమ్మంటాను. అరకులో నా నోటికి జడవని గాయకుడు లేడు. "ఆయన కాడ పాడితే పాట బాగుంటాది గానీ నాలుగు రోజులు కూడు సయించదు" అని నా గురించి చెప్పుకుంటారట. చెప్పుకోనీ.

మాది కింద మైదానం నుంచి వచ్చిన కుటుంబం. మా తాత ఉప్పూ ఎండుచేపలూ మోసుకొచ్చి సంతల్లో అమ్ముకుంటూ, చివరికి అరకులోనే కొట్టు పెట్టుకున్నాడు. ఆ కొట్టులో కూర్చోవలసినవాణ్ణి నేను, విశాఖపట్నం పారిపోయి ఒక స్టూడియోలో చేరాను. కేబుళ్ళు చుట్టడంతో మొదలుపెట్టి మిక్సింగు దాకా నేర్చుకున్నాను. అక్కడి ఇంజనీరు మాటతోనూ చేత్తోనూ కూడా కొట్టేవాడు. "పాడేవాడి మీద జాలిపడ్డావా, పాట చెడగొట్టావన్నమాటే" అనేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ పనికొస్తున్నది అదే. తిరిగి వచ్చి మా కొట్టు మేడ మీద, రేకుల గదిలో, గోడలకి పాత పరుపులూ కోడిగుడ్ల అట్టలూ బిగించి నా స్టూడియో తెరిచాను. మా నాన్న మెట్లెక్కి వచ్చి నాలుగు గోడలూ చూశాడు. "గుడ్లేవిరా?" అని అడిగి కిందికి దిగిపోయాడు.

క్రిస్మస్ ముందు చర్చి పాటలు, పెళ్ళిళ్ళ రోజుల్లో యూట్యూబుకి ప్రైవేటు పాటలు, ఎన్నికలొస్తే ఆటోల మీద తిరిగే ప్రచారం. ఇదీ నా పని. వాన పడితే రేకుల మోత, పని బందు. ఇనుపరాయి గూడ్సు బొర్రా వైపు దిగుతుంటే నేల సన్నగా అదిరి అది కూడా మైకులోకి వచ్చేస్తుంది. అందుకని బండికీ బండికీ మధ్య రికార్డు చేస్తాను. ఎవరినీ పాట మొత్తం పాడనివ్వను. ఒక్కో ముక్క పాడించి, బాగున్నది ఉంచి, శ్రుతి తప్పినదాన్ని కంప్యూటరులో సరిచేసి, ఊపిరి కోసేసి, ముక్కలన్నీ అతుకుతాను. ఒకసారి ఒక పాస్టరుగారు తన పాట తనే విని, "ఇది నేనేనా?" అని అడిగారు. "గొంతు దేవుడిచ్చాడండీ, శ్రుతి నేనిచ్చాను" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ ఏడాది పాటలు మాత్రం నా దగ్గరే చేయించుకున్నారు.

మోరి తాతని నా దగ్గరికి తీసుకొచ్చింది ఆయన అల్లుడు. మోరి అంటే సన్నాయికి తమ్ముడు లాంటిది, కొండల్లో థింసా ఆటకి అదే ప్రాణం. తాత ఇంట్లో తరతరాలుగా మోరి ఊదడమే పని. అల్లుడికి సౌండు బాక్సులూ కీబోర్డూ ఉన్నాయి. పెళ్ళిళ్ళకీ రిసార్టుల్లో టూరిస్టుల ముందు ఆడే థింసాకీ సౌండు పెడతాడు. తాతకి పళ్ళు ఊడిపోతున్నాయి, దగ్గు పట్టుకుంది. ఆట మధ్యలో దగ్గొచ్చి మోరి ఆగిపోతే, నడుములు పట్టుకుని వరసగా ఆడుతున్న ఆడవాళ్ళ అడుగులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. టూరిస్టులు దాన్ని కూడా వీడియో తీసుకుని నవ్వుకుంటున్నారు.

"మావయ్య మోరి కీబోర్డులోకి ఎక్కించీ అన్నా. మీట నొక్కితే ఆయన ఊదినట్టే రావాల" అన్నాడు అల్లుడు.

అది మాకు మామూలు పనే. వాయిద్యం తాలూకు ఒక్కో స్వరాన్నీ విడివిడిగా రికార్డు చేసి, కీబోర్డు మీద ఒక్కో మీటకి ఒక్కోటి తగిలించాలి. తర్వాత వాయిద్యమూ అక్కర్లేదు, వాయించేవాడూ అక్కర్లేదు.

"పాట ఊదొద్దు తాతా. ఒక్క స్వరం ఊది ఆపు. మళ్ళీ అదే. ఇంకా పొడుగ్గా."

"ఇదేటి బాబూ, అన్నం ఒగ్గేసి మెతుకు మెతుకూ ఏరుకుంతన్నావు" అన్నాడు తాత.

అన్నాడే గానీ ఊదాడు. మోరి కొసన ఉండే ఆకు పీకని నోట్లో నానబెట్టి, బుగ్గలు పొంగించి, అడిగినదల్లా ఇచ్చాడు. దగ్గినప్పుడు ఆపాను, దగ్గు తగ్గాక మళ్ళీ ఊదించాను. ఊపిరాడక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళిచ్చి, ఇంకోసారి అన్నాను. నిజం చెప్పాలి కదా, ఆ ముసలాయన ఊదిన స్వరాలకి నా ఒళ్ళు ఝల్లుమంది. అలాంటి ధ్వని నా మైకులో అంతకు ముందు పడలేదు. ఆ మాట ఆయనతో అనలేదు. మెచ్చుకుంటే తర్వాతి టేకు చెడుతుంది.

పనయ్యాక కింద టీ తాగుతూ తాత నాకేసి చూసి ముసిముసిగా నవ్వాడు.

"అన్నీ ఇచ్చీసేననుకున్నావా బాబూ? ఒకటియ్యనేదు."

అది పిలుపు స్వరమట. అన్నిటికంటే పైన ఉండేది. ఊరి అమ్మవారిని పిలవడానికి తప్ప ఊదకూడదట. వాళ్ళ ఊళ్ళో చైత్ర పండగకి అమ్మవారు ఒక ఆడమనిషి ఒంటి మీదికి వస్తుంది. ఆ మనిషిని గురుమాయి అంటారు. ఆ ఊరి గురుమాయి ఈ తాత భార్యే. ఆయన మోరితో పిలిస్తే అమ్మవారు ఆవిడ మీదికి వస్తుంది, వానలు ఎలా ఉంటాయో ఎవరింట్లో ఏం జరుగుతుందో చెబుతుంది. ఆ మాట వినేదాకా ఊళ్ళో ఒక్కరూ కొత్త మామిడికాయ కొరకరు, విత్తనాల కుండ మూత తీయరు.

"రిసార్టోలికి ఆట సాలు. ఆటకి పెట్టె. అమ్మోరికి నాను. నా పిలుపు నేకుండా పెట్టె ఎంత అరిసినా ఆవిడ రాదు" అన్నాడు.

దాని మీద ఆయనకున్న ధీమా నాకు నవ్వు తెప్పించింది. మీటల వరసలో ఒక మీట మూగగా ఉంటే నా పని అసహ్యంగా ఉంటుంది. తాత కొట్టు మెట్టు దిగగానే పైకి వెళ్ళి, ఆ కింది స్వరాన్ని తీసుకుని మౌసుతో పైకి లాగాను. అంచు కొంచెం నునుపు చేశాను. నా గ్లాసులో టీ ఇంకా వేడిగానే ఉంది. తాతకి చెప్పలేదు. చెప్పాలని తోచను కూడా లేదు. దర్జీ గుడ్డ చాలకపోతే అతుకేస్తాడు, దానికి దండోరా వేయిస్తాడా?

ఏరు దాటాక తెప్ప తగలేయడం అందరూ చేసేదే. రిసార్టువాళ్ళు ఇంకాస్త ముచ్చటైన పని చేశారు. తాతని పూర్తిగా మానిపించలేదు. ముసలి మొహం ఫోటోల్లో బాగుంటుందని తలపాగా చుట్టి, నెమలీక గుచ్చి, ఆట ముందు నిలబెట్టారు. "ఊదకు తాతా, నోటి దగ్గర పట్టుకుంటే చాలు" అని మేనేజరు చెప్పాడట. అల్లుడు కీబోర్డు మీద మామగారి మోరి వాయిస్తుంటే, మామగారు మోరి నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగిస్తూ నిలబడేవాడు. నేను ఒకసారి సౌండు చూడటానికి వెళ్ళి ఇది కళ్ళారా చూశాను. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకామె ఆయన పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని, "వావ్, ఈ వయసులో కూడా ఎంత దమ్ము" అంది. తాత ఆవిడకి దండం పెట్టాడు.

బయటికి వస్తూ అడిగాను.

"ఎందుకు తాతా ఈ వేషం?"

"అమ్మోరి కాడ నా సోటు నాకున్నాది బాబూ. ఇక్కడేటైతే ఏటి?"

సంతలో కనిపించినవాళ్ళందరితోనూ ఇదే మాట. ఆటకి పెట్టె, అమ్మోరికి నాను. వినీ వినీ కల్లు కాడ కుర్రాళ్ళు ఆయన్ని చూడగానే అదే మాట ముందు వాళ్ళే అనేసేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆయనకి మిగిలింది అదొక్కటే, దాన్ని పట్టుకుని బతుకుతున్నాడు.

నిరుడు చైత్ర పండగలో తాతకి దమ్ము చాలలేదు. అమ్మవారు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. ఈ ఏడు ఊరి పెద్దలు కూర్చుని, తాతే ఊదాలి గానీ అల్లుడి పెట్టె కూడా పక్కన ఉండాలి అన్నారు. అమ్మవారు రాకపోతే విత్తనం ఎలా చల్లుతాం అన్నది వాళ్ళ భయం. దాన్ని తప్పు పట్టలేం. అల్లుడు బాక్సుల పని చూడమని నన్ను పిలిచాడు. తాతకి నా మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "సూడు బాబూ, నువ్వూ సూడు" అన్నాడు. పెట్టె నోరు మూసుకుని కూర్చోవడం నా కళ్ళతో నేను చూడాలని ఆయన కోరిక.

పొద్దున్నే మంచు ఇంకా కొండ దిగకముందే మొదలయింది. గురుమాయి పీట మీద కూర్చుంది. జుట్టు విరబోసుకుని, ముందు చేటలో బియ్యం పోసుకుని, అరచేత్తో ఆ బియ్యాన్ని గుండ్రంగా రుద్దుతోంది. సన్నగా, ఎముకలు తేలిన ముసలిది. తాత ఎదురుగా నిలబడి ఊదాడు. డప్పులు అందుకున్నాయి. పాట ఒక చుట్టు తిరిగింది. పిలుపు దగ్గరకొచ్చేసరికి దగ్గొచ్చింది. గురుమాయి కళ్ళు తెరిచి ఆయన వైపు చూసి మళ్ళీ మూసుకుంది. ఆయన నోరు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. ఈసారి పిలుపు ఊదాడు. నేను అది వినడం అదే మొదలు. సన్నటి కత్తి లాంటి స్వరం, చివర మాత్రం చీలిపోయింది. గురుమాయి చెయ్యి చేటలో అలాగే తిరుగుతోంది. అమ్మవారు రాలేదు.

మంచు దిగింది. ఎండ వచ్చింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. తాత ఊదుతూనే ఉన్నాడు. డప్పులవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఊరిపెద్ద అల్లుడి వైపు చూసి గడ్డం ఎత్తాడు. అల్లుడు నా వైపు చూశాడు. నేను మోత పెంచాను.

పెట్టెలోంచి మోరి మొదలయింది. తడబాటు లేదు, ఎక్కడా ఊపిరి లేదు. తాత మోరి దించి, తల అడ్డంగా ఊపుతూ భార్య వైపు చూశాడు. రాదు అన్నట్టు. అల్లుడు పై మీట నొక్కాడు. నేను మౌసుతో లాగిన స్వరం బాక్సుల్లోంచి బయటికొచ్చింది.

గురుమాయి చెయ్యి ఆగిపోయింది. చేట ఎగిరిపడింది. ఆవిడ భుజాలు ఊగాయి, ఆ ఎముకల గూడులోంచి ఎవరో వేరే మనిషి గొంతు వచ్చింది. వచ్చింది, అమ్మవారే వచ్చింది. ఊరంతా నేల మీద పడింది.

దాచడమెందుకు, ముందు నాకు గర్వం కలిగింది. నా స్వరానికి దేవత దిగింది. ఆ తర్వాత చూసినదానికి ఆ గర్వం మీద నాకే ఉమ్మేయాలనిపించింది.

అమ్మవారు రాగానే చేసే మొదటి పని, పిలిచిన మోరికీ ఊదినవాడి నుదుటికీ పసుపు బియ్యం అద్దడం. అది వాళ్ళ ఆచారం. తాత మోరి రెండు చేతుల్లో పెట్టుకుని, తల వంచి సిద్ధంగా నిలబడ్డాడు. ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని ఊగుతూ వచ్చింది. తాతని దాటుకుని వెళ్ళింది. బాక్సు ముందు ఆగి, దాని జాలీకి పసుపూ బియ్యమూ అద్దింది. రెండో బాక్సుకి కూడా అద్దింది. జనం బాక్సులకి దండం పెట్టారు. తాత వంచిన తల ఎప్పుడెత్తాలో తెలియక అలాగే ఉన్నాడు.

నాకు అమ్మవారి మీద ఒళ్ళు మండిపోయింది. బతుకంతా ఊదినవాడు ఊదితే శంఖం ముందు చెవిటిదానిలా కూర్చుంది, నా అతుకుల స్వరానికి ఎగిరి దూకింది. మా స్టూడియోకి వచ్చే యూట్యూబు కుర్రాళ్ళ చెవులకీ ఈవిడ చెవులకీ తేడా ఏమిటి?

సామాను సర్దుకుంటుంటే తాత నా పక్కకి వచ్చాడు.

"ఆ పిలుపు ఎక్కడిది బాబూ? అది నాను ఊదనేదు."

చెప్పాను. కింది స్వరాన్ని పైకి లాగానని చెప్పాను. ఆయనకి సగం అర్థమైంది, అర్థం కావలసిన సగమే అర్థమైంది.

"అయితే అది ఎవులూ ఊదనేదు" అన్నాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. అమ్మవారు రాకపోయినా తాత తట్టుకునేవాడు. దమ్ము లేదు, వయసైపోయింది అనుకునేవాడు. ఎవరూ ఊదని దానికి వచ్చింది, అదీ ఆయన్ని కాల్చింది.

మళ్ళీ సంతకి వచ్చినప్పుడు తాత నా మెట్లెక్కాడు. వెనక భార్య కూడా ఉంది. ఒంటి మీద దేవత లేనప్పుడు ఆవిడ వట్టి ముసలమ్మే. చింతపండు బుట్ట గుమ్మం దగ్గర దింపి, గుడ్ల అట్టలు చూసి ఆశ్చర్యపోతూ నిలబడింది.

"అసలుది తీసుకో బాబూ. పిలుపు. అమ్మోరు దొంగది ఇంతన్నాది, పాపం ఆవిడికి తెల్దు. నాది అందులో పెట్టీ. పెట్టే ఊదనీ, నాది ఉంటే సాలు" అన్నాడు తాత.

ఏ స్వరాన్ని ఎవరికీ ఇవ్వకూడదని దాచుకున్నాడో, దాన్ని చేతులారా పట్టుకొచ్చి ఇస్తున్నాడు. నేను కాదనలేదు. మోరికి మైకు సరిచేశాను. గూడ్సు వెళ్ళేదాకా ఆగాం.

ఊదాడు. చీలింది. మళ్ళీ ఊదాడు. దగ్గు. ఇంకోసారి. "తాతా, ఇది స్వరం కాదు, గాలి" అన్నాను. వేరేలా మాట్లాడటం నాకు రాదు. ఆయన గోడ పట్టుకుని నిలబడి, పీక మార్చి, మళ్ళీ ఊదాడు. చాలాసేపటికి ఒక్కటి నిలబడింది. చివర కొంచెం వణికింది, దాని అడుగున గుండెలో గురగుర ఉంది. నేను ఊపిరి కొయ్యలేదు. కోస్తే స్వరమే మిగిలేలా లేదు.

"ఇప్పుడు దానికి ఇనిపించు. రెండూ ఇనిపించు. ఏది ఏదో సెప్పకు. నిజమైంది దానికి తెలుస్తాది" అన్నాడు భార్యని చూపిస్తూ.

ముసలమ్మ తలకి హెడ్‌ఫోను పెట్టాను. ముందు తాత ఊదినది వినిపించాను. ఆవిడ కళ్ళు వెంటనే ఆయన మీదికి వెళ్ళాయి, చెయ్యి కూడా కొంచెం లేచింది, పడిపోబోయే మనిషిని పట్టుకోవడానికి లేచినట్టు. తర్వాత నేను లాగిన స్వరం వినిపించాను. ఆవిడ చెయ్యి ఒళ్ళోకి దిగింది. కళ్ళు మూతపడ్డాయి. మెడ మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. నేను గబుక్కున ఆపేశాను.

"ఏది?" అని చేత్తో అడిగాడు తాత.

చెవులు మూసుకున్నవాళ్ళకి తామెంత గట్టిగా మాట్లాడుతున్నారో తెలియదు. ముసలమ్మ గదంతా మోగేలా, ఎంతో సంతోషంగా చెప్పింది.

"ముందుది నువ్వే. నీ దగ్గు నాకు తెల్దేటి? నువ్వూదితే నా పేనమంతా నీ కాడే ఉంటాది. ఎప్పుడు దగ్గుతావో, ఎక్కడ పడిపోతావో అని అదే సూత్తాను. ఇంక అమ్మోరొచ్చినా నాలో కూకోడానికి సోటేది? ఆ రెండోదాంట్లో ఎవులూ నేరు. అందుకే బేగి ఒచ్చీసింది."

ఆవిడకి అది మొగుడికి చెప్పిన ప్రేమ మాట. ఆయనకి ఏమైందో నేను చూశాను. మోరిని కండువాలో చుట్టాడు. చుట్టడానికి చాలాసేపు పట్టింది.

"పెట్టెదే ఉంచీ బాబూ. నాది సెరిపీ."

"ఉండనీ తాతా, దాచి ఉంచుతాను" అన్నాను. నా నోటి నుంచి అలాంటి మాట అంతకు ముందు ఎన్నడూ రాలేదు.

"సెరిపీ. నా ముందే సెరిపీ."

చెరిపేశాను. తెర మీద ఆ స్వరం తాలూకు గీత మాయమవడం ఆయన వంగి చూశాడు.

"ఎలిపోనాదా?"

"పోయింది తాతా."

ముసలమ్మకి మా మాటలు వినపడలేదు. హెడ్‌ఫోను ఇంకా తలకే ఉంది. ఇంకోసారి వినిపిస్తామేమో అని మా ఇద్దరి మొహాలూ చూస్తూ నవ్వుతోంది.